ఆకుపచ్చదే పెట్టమన్న అత్తమ్మ

"ఇయ్యాల క్లాసు లేదు. అత్తమ్మ లేదు."

పోయిన నెలలో ఒక పొద్దున కొత్తవాడలో మా వీధి ఆడవాళ్ల ఫోన్లకు వచ్చిన కబురు ఇది. పంపింది మా పక్కింటి లలితక్క. ముందురోజు సాయంత్రం గుండెల్లో నొప్పిగా ఉందంటే మా అత్తమ్మను దవాఖానకు తీసుకుపోయాం. తెల్లవారేసరికి ఆమె లేదు. ఎవరికి ఎట్లా చెప్పాలో తెలియక మేమింకా తడబడుతుండగానే లలితక్క ఆ రెండు ముక్కలూ టైపు చేసి పంపేసింది. తెలుగులో టైపు చేయడం ఆమెకు నేర్పింది మా అత్తమ్మే. ఒక్క అక్షరం తప్పు పోలేదు. అత్తమ్మ చూసి ఉంటే, వార్త సంగతి తర్వాత, ముందు ఆ రాతనే మెచ్చుకునేది.

ఆమె గురించి మీకు చెప్పాలని కూర్చున్నాను. రాస్తుంటే ఏడుపు కన్నా నవ్వే ముందు వస్తోంది. అది ఆమె చలవే. కాబట్టి నవ్వుతూనే చెబుతాను.

మాది జంపఖానాలు నేసిన ఇల్లు. మామయ్య మగ్గం మీద కూర్చుంటే, అత్తమ్మ గళ్ల కాగితం మీద రంగు పెన్సిళ్లతో అంచులు, పువ్వులు గీసి ఇచ్చేది. బడి ఏడో తరగతితో ఆగింది గానీ ఆమె చెయ్యి ఎన్నడూ ఆగలేదు. నేను కోడలిగా వచ్చేనాటికి కొడుకులు ఉద్యోగాల్లో కుదురుకున్నారు, మామయ్యకు మోకాళ్లు సహకరించడం లేదు, మగ్గాలు తీసేశారు. అవి ఉండిన ముందుగది ఖాళీగా ఉండేది. అయినా అత్తమ్మ మధ్యాహ్నం పూట కాగితం, పెన్సిళ్లు ముందేసుకుని కూర్చునేది. ఎవరి కోసం అని అడిగితే, "చేతులకు ఏమన్న పని ఉండాలె గదా" అనేది.

కంటి ఆపరేషన్ అయ్యాక ఆ చిన్న గళ్లు ఆమెకు కనిపించడం తగ్గింది. ఒకరోజు నా ఫోన్లో మనవరాలి ఫోటోను వేళ్లతో పెద్దగా చేసి చూస్తూ, "కాగితాన్ని గిట్ల పెద్దగ చేసేటట్టు ఉంటే ఎంత బాగుండు బిడ్డా" అంది. ఆ మాట మీదే నా పాత లాప్‌టాప్‌ను బీరువాలోంచి తీసి ఆమె ముందు పెట్టాను.

అది ఆన్ కావడానికే ఒక పూట పట్టేది. ఆన్ అయ్యాక, ఇక దీనికి కొత్త అప్‌డేట్లు రావు, కొత్త మెషిన్ కొనుక్కోండి అని తెర మీద హెచ్చరిక. హనుమకొండ చౌరస్తాలో రిపేరు చేసే అతనికి చూపిస్తే అతనూ అదే మాట అన్నాడు.

"గిది ఇగ పారేసుడేనమ్మా. కొత్తది తీసుకోండ్రి."

"చెడిపోయిందా?" అని అడిగింది అత్తమ్మ.

"చెడిపోలే. పాతగైంది."

"నేను సుత పాతగైన. నన్నెవలు పారేస్తలేరు గద!" అని ఆమె లాప్‌టాప్ ఎత్తి చంకలో పెట్టుకుంది. అతను కూడా నవ్వాడు.

ఆ ఆదివారం మా తమ్ముడు వచ్చాడు. హసన్‌పర్తిలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాడు. లాప్‌టాప్ తిప్పి చూసి, "మెషిన్ మంచిగనే ఉంది అత్తమ్మా. దీన్ని నడిపించే సాఫ్ట్‌వేర్ ఉంటది, ఆపరేటింగ్ సిస్టమ్ అంటరు. దాంట్ల కొత్తది దీనికి పట్టదు, పాతదాన్ని కంపెనోళ్లు ఇడిసిపెట్టిన్రు. అది తీసేసి లినక్స్ ఏసుకుందాం. ఫ్రీ" అన్నాడు.

"ఫ్రీ అంటే? పైసల్ తీసుకోరా?"

"తీసుకోరు."

"ఎందుకు తీసుకోరు?" అత్తమ్మ అనుమానంగా కళ్లద్దాలు సర్దుకుంది. "ఊకెనే ఇచ్చెటోళ్లను నేను నమ్మ."

తమ్ముడికి ఈ విషయం మీద మాట్లాడటమంటే పండగ. ప్రపంచంలో ఎక్కడెక్కడి వాళ్లో కలిసి దీన్ని తయారుచేశారని, వాడుకోవడానికి ఇవ్వడమే కాకుండా ఎట్లా తయారుచేశారో కూడా అందరికీ కనబడేలా పెడతారని, ఎవరైనా మార్చుకోవచ్చని, మార్చింది మళ్లీ పదిమందికి పంచవచ్చని చెప్పుకుపోయాడు. అత్తమ్మ పూర్తిగా విని నెమ్మదిగా అంది.

"అంటే డిజైన్ దాచుకోరన్నట్టు."

"అంతే అత్తమ్మా!"

ఆమె మామయ్య వైపు చూసింది. నేసేవాళ్ల ఇళ్లలో డిజైన్ దాచుకోవడం అంటే ఏమిటో మీకు చెప్పాలి. మా ఇంట్లో దీపాల అంచు అని ఒకటి ఉండేది. ఎరుపు మీద నల్లటి దీపాలు, ఒకటి నిలువుగా, ఒకటి వాలుగా. మామయ్య వాళ్ల నాయన వేసింది. అది మగ్గం మీద ఉన్నన్నాళ్లూ ముందుగది తలుపు మూసే ఉండేదట. బయటివాళ్లు వస్తే మీద గుడ్డ కప్పేవారట. అట్లాంటి ఇంట్లో ఈ మాట కొత్త. మామయ్య చాయ్ తాగుతూ కూర్చున్నాడు.

ఇక ఎంపిక మొదలైంది. లినక్స్ అంటే ఒకటి కాదట, రకాలున్నాయట. తమ్ముడు పై ఆదివారం పెన్‌డ్రైవులు తెచ్చాడు. ఒక్కో దాంట్లో ఒక్కో రకం. లాప్‌టాప్ లోపల ఉన్నదాన్ని ముట్టకుండానే, పెన్‌డ్రైవ్ పెట్టి నడిపించి చూడవచ్చు. నచ్చకపోతే తీసేయడమే. ఇది విని అత్తమ్మ ఎంత సంతోషపడిందంటే, గారెలకు పప్పు నానబోసింది. "చీరెల దుకాణంల మడత ఇప్పి చూపించినట్టు చూపిస్తరా? గట్లయితె అన్నీ చూస్త. తొందరేం లేదు."

వాటి ఇంగ్లిషు పేర్లు ఆమెకు అక్కర్లేదు. తెర రంగును బట్టి తానే పేర్లు పెట్టుకుంది. వంగపండు రంగుది చూడటానికి బాగుంది గానీ, పాత లాప్‌టాప్ దాన్ని మోయలేక లోపలి ఫ్యాను హోరెత్తింది. "బాయికాడి మోటరు లెక్క మొత్తుకుంటాంది. వద్దు" అంది. నీలం రంగుది చురుగ్గా ఉంది. అయితే దాంట్లో తెలుగు అక్షరాలు లేవు. ఆమె లక్ష్మి అని టైపు చేయించి చూస్తే, అక్షరాల చోట ఖాళీ డబ్బాలు వరుసగా వచ్చాయి.

"అయ్యో, లక్ష్మిని డబ్బాల పెట్టింది!"

"లచ్చిమి డబ్బాల ఉంటే మంచిదే గదనే!" అన్నాడు మామయ్య. ఆ రోజు ఇంట్లో అందరం పొట్ట పట్టుకుని నవ్వాం. అక్షరాలు వేసుకుంటే సరిపోతుందని తమ్ముడు చెబుతున్నా ఎవరూ వినిపించుకోలేదు.

ఆకుపచ్చది పెట్టగానే కింద వరుసలో బొమ్మలు, మూలన మెనూ, అన్నీ వాటి వాటి చోట్ల ఉన్నట్టు ఆమెకు అనిపించింది. లక్ష్మి కుదురుగా వచ్చింది. అక్షరాలు పెద్దవి చేస్తే తెరంతా పెద్దదైంది. కానీ వైఫై పట్టలేదు. తమ్ముడు అదే సందు చూసుకుని తను వాడేదాన్ని తీశాడు. నల్లటి తెర, దాని మీద తెల్లటి అక్షరాలు, బొమ్మ అన్నది లేదు.

"ఇదైతే అన్నీ మన చేతులనే ఉంటై అత్తమ్మా. మనకు కావాల్సినట్టు మనమే కట్టుకోవచ్చు."

"మంచిగుంది అల్లుడా. ఒక్కటి చెప్పు. బుధారం పూట ఇది ఆగిపోయిందనుకో, నువ్వు కాలేజీల ఉంటవు. నేనెవల్ని అడగాలె?"

తమ్ముడు తల గోక్కున్నాడు.

"మీ కాలేజీ పిల్లలు ఎక్కువమంది ఏది వాడుతరు?"

"కొత్తగ మొదలుపెట్టెటోళ్లకు ఆకుపచ్చదే ఏస్తం. అడిగితే చెప్పెటోళ్లు చానమంది ఉంటరు."

"అయితే ఆకుపచ్చదే పెట్టు. నేను సుత కొత్తగనే మొదలుపెడుతాన. ఎనుకకు తిరిగి చూస్తే మనిషి కనపడాలె."

అంత సులువుగా తేల్చింది. ఆ తర్వాత కొత్తగా మొదలుపెట్టే ఎవరు నన్నడిగినా నేను చెప్పేది ఈ మాటే. ఏది గొప్పదని వెతక్కండి. మీకు దగ్గర్లో ఎవరు ఏది వాడుతున్నారో చూడండి.

మార్చేముందు లాప్‌టాప్‌లో ఉన్న మనవరాలి ఫోటోలన్నీ వేరే డ్రైవులోకి తీసిపెట్టే వరకు ఆమె తమ్ముణ్ని మరో మీట నొక్కనివ్వలేదు. తీసినవి తెరుచుకుంటున్నాయో లేదో కూడా చూపించమంది. ఆ తర్వాత వైఫై. ఫోన్‌ను వైరుతో లాప్‌టాప్‌కు కలిపి, ఫోన్ నెట్‌తోనే తమ్ముడు వెతికి, "వైఫైని నడిపే చిన్న సాఫ్ట్‌వేర్ ఉంటది, డ్రైవర్ అంటరు. అది లేక ఆగింది అత్తమ్మా, తెప్పిస్తాన" అన్నాడు.

"బండికి డ్రైవర్ లేడని ముందుగాల చెప్పొద్దా!"

చివరికి తెర మీద పేరు అడిగింది. తమ్ముడు ఆమె అసలు పేరు కొట్టబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది. "అత్తమ్మ అని పెట్టు. ఈ వాడకట్టుల నన్ను పేరు పెట్టి పిలిచెటోళ్లు లేరు. అది పిలిస్తే నాకే సమజ్ గాదు." అట్లా ఆ లాప్‌టాప్‌కు కూడా ఆమె అత్తమ్మే అయింది.

మీటల మీద నేను తెలుగు అక్షరాలు అతికించి ఇచ్చాను. మొట్టమొదట ఆమె టైపు చేసిన మాట చాయ్. వెంటనే లాప్‌టాప్ నా వైపు తిప్పింది. అది చదివి నేను లేచి చాయ్ పెట్టుకొచ్చాను. ఈ సౌకర్యం ఆమెకు చాలా నచ్చింది. తర్వాత చాలా రోజులు నోటితో అడగడమే మానేసింది.

కొన్ని వారాలకు ఒకనాడు ఏదో నొక్కితే తెర కింది వరుస మొత్తం మాయమైంది. తమ్ముడు ఫోన్ ఎత్తలేదు. నేను ఆఫీసులో ఉన్నాను. తమ్ముడు అంతకుముందే ఆమెను లినక్స్ వాడే తెలుగువాళ్ల గ్రూపు ఒకదాంట్లో చేర్పించి ఉన్నాడు. ఆమె తెర ఫోటో తీసి అందులో పెట్టి, కింద తానే రాసింది: "కింది పట్టీ పోయింది. నాకు తెల్వకుంట ఏదో ఒత్తిన. జర చెప్పుండ్రి." నేను ఇంటికొచ్చేసరికి పట్టీ దాని చోట అది ఉంది, ఈమె వెలిగిపోతోంది.

"కాకినాడ దిక్కు పిలగాడట బిడ్డా. 'కంగారు పడకండి అత్తమ్మ గారూ' అని రాసిండు. ఎక్కడ ఒత్తాలె, ఏం చెయ్యాలె, గీతలు గీసి పంపిండు. చూడు, మనకు సముద్రం దిక్కు సుత అల్లుడు దొరికిండు!"

కంగారు అన్న మాటను ఆమె వారం రోజులు వాడింది. పాలు పొంగినా, ఆటో రాకపోయినా, "కంగారు పడకండి" అని మామయ్యకు చెప్పేది. నవ్వు ఆపుకోలేక మళ్లీ తానే, "ఫికర్ చెయ్యకు" అని మన మాటలో చెప్పేది.

మా తమ్ముడు ఆ ఆదివారం రాగానే అడిగింది. "ఆ పిలగానికి ఏమియ్యాలె?"

"ఏం అవసరం లేదు అత్తమ్మా. రేపు నీకు తెలిసింది ఎవరన్న అడిగితే చెప్పు. అంతే."

ఆమె దాన్ని మరీ మనసుకు పట్టించుకుంది. ఎవరో వచ్చి అడిగే వరకు ఆగలేదు. తానే అడగడానికి బయలుదేరింది. లలితక్క వాళ్ల ఇంట్లో దుమ్ము పట్టిన కంప్యూటర్ ఉందని తెలుసు. "అది ఎందుకు మూలకు పెట్టినవు?" అంటే, "ఖరాబైంది అత్తమ్మా" అని లలితక్క జవాబు. "ఖరాబైందా, పాతగైందా?" అని ఈమె రెండో ప్రశ్న. అట్లా వీధిలో బీరువాల మీద, మంచాల కింద పడి ఉన్న పాత లాప్‌టాప్‌లు ఒక్కొక్కటిగా మా ముందుగదిలోకి వచ్చాయి. వాటి వెంట వాటి ఇంటి ఆడవాళ్లు వచ్చారు. మగ్గాలు తీసేసిన గదిలో మళ్లీ మాటలు, నవ్వులు. మధ్యాహ్నం అన్నాలయ్యాక మొదలయ్యేది, పిల్లలు బడి నుంచి వచ్చేదాకా నడిచేది. దానికి క్లాసు అని పేరు పెట్టింది ఆమె కాదు, వాళ్లే.

మీట నొక్కడానికి భయపడేవాళ్లకు ఆమె ఒకటే చెప్పేది. "ఒత్తు. పేలదు." తనకు తెలియనిది అడిగితే, "నాకు సుత తెల్వదు. కూసో, ఇద్దరం కలిసి పరేషానైదాం" అనేది. ఆ మాటకు ఎంతటి భయమైనా సగం తగ్గేది. బ్లౌజులు కుట్టే లలితక్క వాటి కొలతలు పట్టికలో ఎక్కించుకోవడం నేర్చింది. వీధి చివరి స్రవంతి వాళ్ల ఇంట్లో మగ్గం ఇంకా నడుస్తోంది. ఆ పిల్ల డిజైన్లు నేర్చుకోవాలని వచ్చింది.

అత్తమ్మ గళ్ల కాగితానికి బదులు లాప్‌టాప్‌లో లెక్కలు రాసుకునే పట్టికనే, అంటే స్ప్రెడ్‌షీట్‌నే, వాడేది. ఒక్కో గడికి ఒక్కో రంగు నింపుతూ పోవడమే. కావాలంటే పెద్దగా చేసుకోవచ్చు, తప్పు పడితే వెనక్కి పోవచ్చు. అట్లా తన పాత పువ్వులన్నీ ఒక్కొక్కటిగా తెర మీదికి తెచ్చింది. ఒకరోజు దీపాల అంచు మొదలుపెట్టింది. అది స్రవంతికి ఇస్తానంది.

మామయ్య అప్పుడు మాట్లాడాడు. ఆయన గొంతు పెంచడం నేను చూసింది ఆ ఒక్కసారే.

"మా నాయిన ఆ అంచు సొంత తమ్మునికి సుత ఇయ్యలే. నువ్వు బజారుల పెడుతవా?"

"ఇయ్యలే. అందుకే మీ చిన్నాయిన ఇంట్ల ఆ అంచు లేదు. మరి మన ఇంట్ల ఏడున్నది? మగ్గమే లేకపాయె. చివరి జంపఖానా ఆ సందూకల ఉన్నది, అంచుకు పురుగు పట్టింది. నీ అసుంటి పనిమంతుడు నేసిన అంచు పురుగు తినాలె గని, ఆ పిల్ల నేయొద్దా?"

మామయ్య లేచి వాకిట్లోకి వెళ్లిపోయాడు. ఆ వారమంతా ఇంట్లో అన్నం వడ్డించే మాటలు తప్ప వేరే మాటలు లేవు. అత్తమ్మ కూడా ఆ ఫైలు మళ్లీ తెరవలేదు. ఆయన ఒప్పుకోకపోతే ఇవ్వనని నాతో అంది. "ఇది నా ఒక్కదాని సొత్తు గాదు బిడ్డా. ఇచ్చుడంటే ఇష్టంగ ఇయ్యాలె." క్లాసు జరుగుతూనే ఉంది గానీ ఆమె నవ్వు ముందులా గది దాటి వినిపించేది కాదు.

తర్వాత ఒక మధ్యాహ్నం అందరూ కూర్చుని ఉండగా మామయ్య లోపలికి వచ్చాడు. గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చి అత్తమ్మ వెనక నిలబడ్డాడు.

"తియ్యి, ఆ అంచు తియ్యి."

ఆమె తీసింది. ఆయన వంగి చాలాసేపు చూశాడు. తర్వాత వేలు తెరకు ఆనించి అన్నాడు.

"వాలు దీపం గిట్ల గాదే. ఒక గడి ఎడమకు జరగాలె. ఇస్తే ఇస్తివి, తప్పు ఇయ్యకు."

అత్తమ్మ వెనక్కి తిరిగి ఆయన ముఖం చూసింది. ఆ చూపు ఇక్కడ రాయడం నాకు చేతకాదు. స్రవంతి కుర్చీ తెచ్చి వేసింది. ఆ రోజు నుంచి మామయ్య కూడా క్లాసులో ఒకడు. లాప్‌టాప్ ముట్టడు, గడులు చూస్తాడు.

స్రవంతి నేసి తెచ్చిన మొదటి జంపఖానా విప్పినప్పుడు అత్తమ్మ అంచు మీదికి వంగింది. దీపాలున్నాయి. ఎరుపు లేదు, నలుపు లేదు. నీలం మీద పసుపు పచ్చటి దీపాలు.

"నీలమా?" అంది.

"మార్చుకోవచ్చు అంటివి గదా అత్తమ్మా!" అంది స్రవంతి, కొంచెం బెదురుగా.

అత్తమ్మ పకపకా నవ్వింది. "అంటి. అంటి. మార్చినంక మల్ల నలుగురికి ఇయ్యాలె అని సుత అంటి. యాదికున్నదా?" ఆ దీపాల అంచు ఇప్పుడు మా వీధిలో చాలా ఇళ్లలో ఉంది. ఎవరికి నచ్చిన రంగు వాళ్లు వేసుకున్నారు.

ఆమె పోయిందని తమ్ముడు ఆ తెలుగు గ్రూపులో పెడితే, మేము ఎన్నడూ చూడని ఊళ్ల నుంచి మాటలు వచ్చాయి. అందరూ అత్తమ్మ గారూ అనే రాశారు. కాకినాడ అబ్బాయి ఫోన్ చేసి మామయ్యతో మాట్లాడాడు. మామయ్య చెవికి ఫోన్ ఆనించుకుని, ఎదుటివాణ్ని ఓదారుస్తున్నట్టు, "కంగారు పడకు బిడ్డా" అన్నాడు. కర్మలయ్యాక లలితక్క వచ్చి ముందుగది ఊడ్చి, కిటికీలు తీసింది. క్లాసు ఆగలేదు.

నాకు ఆమె తలపుకొచ్చినప్పుడల్లా కనిపించేది మాత్రం పోయిన వానకాలంలో క్లాసు వాళ్లమంతా వ్యాను మాట్లాడుకుని పాలంపేట పోయిన రోజు. రామప్ప గుడి చుట్టూ వరినాట్లు పడి పొలాలు నీళ్లతో మెరుస్తున్నాయి. అత్తమ్మ కొత్త డిజైన్లు కావాలంటూ ఒక్కో స్తంభం దగ్గర ఆగుతోంది. గుడి మధ్యలోకి వచ్చాక తలెత్తి పైకప్పు చూసింది. అక్కడ రాతిలో చెక్కిన పువ్వులు, వలయాలు, ఒకదాంట్లో ఒకటి. కాసేపటికి ఆమె మెడ నొప్పి పుట్టింది. వ్యానులోంచి జంపఖానా తెమ్మని, ఆ చల్లటి బండల మీద పరిచి, వెల్లకిలా పడుకుంది. ఆమె పక్కన లలితక్క, ఆమె పక్కన స్రవంతి, నేను, మిగతావాళ్లు.

కాపలా అతను పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, ఇక్కడ పండుకోవద్దు! లేవుండ్రి!"

"పండుకుంటలేం బిడ్డా, చూస్తానం. ఆ నడిమి పువ్వు చూడు. రెక్కలు ఎన్ని తీర్ల తిరిగినయో. ఎన్నడన్న చూసినవా?"

"రోజూ ఇక్కడనే ఉంట గదమ్మా" అన్నాడు అతను విసుగ్గా. అయినా తలెత్తాడు. అత్తమ్మ చెయ్యి పైకి చాపి, గాలిలో వేలితో ఆ పువ్వు అంచు వెంట నెమ్మదిగా గీస్తోంది. బయట వాన మొదలైంది. అతను టోపీ తీసి చేతిలో పట్టుకుని, మెడ ఇంకా వెనక్కి వంచి, ఆమె వేలు ఎటు పోతే అటు చూస్తూ నిలబడిపోయాడు.